ఓడ లాంజ్‌లో ఖాళీ సోఫా మీద హ్యాండ్‌బ్యాగ్ ఉంటే తీసి కూర్చోవచ్చా?

నాగావళి_మాస్టారు
మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉంటాడు. ఇంటి నుంచి పోర్టుకి కారులో గంట. అందుకని అక్కడికి వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో క్రూయిజ్‌లు, అంటే ఓడ మీద విహారయాత్రలు, అయిపోతుంటాయి. రిటైరయ్యాక ఇప్పటికి పదిహేడు అయ్యాయి, దాదాపు అన్నీ ఒకే కంపెనీ ఓడల్లో. కంపెనీ పేరు రాయను, గొడవెందుకు. తిరగ్గా తిరగ్గా ఈ ఏడాది మా ఇద్దరికీ, ఎక్కువసార్లు ఎక్కినవాళ్లకి కంపెనీ ఇచ్చే పై మెట్టు కార్డు వచ్చింది. ఆ కార్డు ఉన్నవాళ్లకి పై డెక్‌లో ప్రత్యేకంగా ఒక లాంజ్ ఉంటుంది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా చిరుతిళ్లు, డ్రింకులు, కాఫీ అన్నీ ఉచితం. ఇన్నేళ్లూ ఆ తలుపు ముందు నుంచి నడిచిపోయినవాళ్లమే కదా, మా ఆవిడ పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది.

తలుపు తీస్తే ఏముంది, సాయంత్రం ఆరింటికి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్. అరవై సీట్లుంటాయేమో, లోపల నూటయాభై మంది. ఈత కొట్టి తడి నిక్కరుతోనే సోఫాలో కూలబడినవాడు ఒకడు. రాత్రి భోజనం ఇక్కడే కానిచ్చేద్దామని ప్లేటు నిండా రొయ్యలు పేర్చుకున్నవాడు ఇంకొకడు. మా ఎదురుగా ఒకావిడ నాలుగు సోఫాల మధ్య ఒక్కర్తే కూర్చుని, మిగతా మూడింటి మీద హ్యాండ్‌బ్యాగ్ ఒకటి, టోపీ ఒకటి, పుస్తకం ఒకటి పెట్టింది. అడిగితే "మావాళ్లు వస్తున్నారు" అంది. గడియారం చూశాను. నలభై అయిదు నిమిషాలు. ఎవరూ రాలేదు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

మర్నాడూ అదే తంతు. మూడో రోజు ఆ టోపీ తీసి బల్ల మీద పెట్టి మా ఆవిణ్ని కూర్చోబెట్టేశాను. ఆవిడ నానా మాటలూ అంది. నాకొచ్చిన ఇంగ్లీషులో నేనూ రెండన్నాను. లాంజ్ అంతా మావైపే చూసింది. నేను చేసింది తప్పా?

ఉద్దానం_పనస
మాస్టారూ, ఇచ్ఛాపురం బస్సు కాంప్లెక్స్‌లోకి తిరక్కముందే కిటికీలోంచి కండువా విసిరి మూడు సీట్లు ఆపీసే జాతి మనది. అమెరికావాళ్లు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు, ఓపిక పట్టండి.

గంటస్తంభం77
ఉచితంగా రొయ్యలు పెట్టే గదిలో సీటు దొరకలేదట. ఈ దేశంలో ఇంతకన్నా పెద్ద కష్టం లేదు. దండం.

చీపురుపల్లి_సుబ్బు
77 గారూ, ఎవరి కష్టం వాళ్లది. కిందటి వారం మీరు జిమ్‌లో తువ్వాలు పోయిందని రెండు పేజీలు రాశారు, మేమేమైనా అన్నామా?

మాస్టారి ప్రశ్నకి నా సమాధానం: తప్పు కాదు. మనిషి ఉన్న చోటే సీటు. టోపీకి కార్డు లేదు కదా.

పలాస_పప్పు
"టోపీకి కార్డు లేదు." దీన్ని ఫ్రేము కట్టించాలి 😂

ఇదే సినిమా మన ఎయిర్‌పోర్ట్ లాంజ్‌ల్లో ఎప్పుడో ఆడేసింది. క్రెడిట్ కార్డు మీద రెండు రూపాయలు గీకితే పూరీ, ఉప్మా, కాఫీ అని తెలిశాక విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లే గంట ప్రయాణానికి కూడా మా బావ మూడు గంటల ముందే బయల్దేరేవాడు. తర్వాత చాలా బ్యాంకులు కిందటి మూడు నెలల్లో కార్డు మీద ఇంత ఖర్చు పెడితేనే రానిస్తామని మెలిక పెట్టాయి. ఇప్పుడు బావ ఇంట్లోనే ఉప్మా తిని వెళ్తున్నాడు.

రాజాం_టు_డల్లాస్
మాస్టారి ఓడ ఏదో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. లెక్క మాత్రం చెప్తాను, అసలు ఇంతమంది ఎక్కణ్నుంచి వచ్చారో అర్థమవుతుంది.

రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ పద్ధతి చూడండి. ఓడలో గడిపిన రాత్రికి ఒక పాయింటు, సూట్ (పెద్ద గది) తీసుకుంటే రెండు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినకిల్. ఒకసారి వచ్చిన మెట్టు పోదు. పైగా ఒకే ఇంట్లో ఉండే భార్యాభర్తల్లో ఒకరికి వస్తే రెండోవారికీ వర్తిస్తుంది. వారం రోజుల ట్రిప్పులు పన్నెండు చేస్తే డైమండ్ అయిపోయినట్టే. ఫ్లోరిడాలో, టెక్సాస్‌లో పోర్టు పక్కన కాపురం పెట్టిన రిటైరైనవాళ్లకి అదెంత పని? మనం ఆదివారం శ్రీకూర్మం వెళ్లొచ్చినట్టు వాళ్లు బహామాస్ వెళ్లొస్తారు.

ఇంకో వైపు చూడండి. 2019లో ప్రపంచం మొత్తం మీద క్రూయిజ్ ఎక్కినవాళ్లు దాదాపు 2.97 కోట్లు. కరోనాలో ఓడలన్నీ లంగరేసి కూర్చున్నాయి. 2024కి వచ్చేసరికి 3.46 కోట్లు. ఎక్కేవాళ్లు పెరిగారు, వచ్చిన కార్డు పోదు. లాంజ్ గోడలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే.

పలాస_పప్పు
తెల్ల రేషన్ కార్డు సంగతి గుర్తొచ్చింది. ఇవ్వడం తేలిక, తీయడం కష్టం.

రాజాం_టు_డల్లాస్
అదే! తీయాలని ఒక కంపెనీ నడుం కట్టింది కూడా. 2025 జూన్‌లో కార్నివాల్ వాళ్లు పాత పద్ధతి మార్చేస్తున్నామని ప్రకటించారు. 2026 జూన్ నుంచి ఎన్ని రోజులు ఓడలో ఉన్నావన్నది కాదు, ఎంత ఖర్చు పెట్టావన్నది లెక్క అన్నారు. వచ్చిన మెట్టు కూడా శాశ్వతం కాదు, మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టి నిలబెట్టుకోవాలన్నారు. ఏళ్ల తరబడి కిటికీ లేని లోపలి క్యాబిన్లలో చవగ్గా తిరిగి పైకెక్కిన ముసలాళ్లకి ఒళ్లు మండిపోయింది.

చీపురుపల్లి_సుబ్బు
మండదా మరి? ఇరవై ఏళ్లు నమ్ముకుని ఎక్కినవాణ్ని పక్కకి నెట్టి, నిన్న వచ్చి డబ్బు వెదజల్లినవాడికి పెద్ద పీటంటే అది నమ్మకానికి ఇచ్చే మర్యాద ఎలా అవుతుంది? దానికి వేరే పేరు పెట్టుకోమనండి.

రాజాం_టు_డల్లాస్
మరి అందరికీ పెద్ద పీటే వేస్తే చివరికి మాస్టారిలా నిలబడి తినాలి సుబ్బు గారూ. మీరే ఒక దారి చెప్పండి.

బొబ్బిలి_వీణ
టోపీకి కార్డు లేదని అందరూ చప్పట్లు కొట్టారు. నా సంగతి వినండి ఒకసారి.

మావారు పోయాక నేను మా అక్కతో రెండు క్రూయిజ్‌లు చేశాను, మూడోది ఒంటరిగా. ఒంటరిగా వెళ్లినప్పుడు కాఫీ తెచ్చుకోవాలంటే లేవాలి కదా? లేచి వచ్చేసరికి నా కుర్చీలో ఎవరో ఒకాయన. "ఖాళీగా ఉంది" అన్నాడు. రెండోసారి బ్యాగ్ పెట్టి వెళ్లాను. వచ్చేసరికి బ్యాగ్ కింద నేల మీద ఉంది. చేతిలో వేడి కాఫీ, కూర్చోడానికి చోటు లేదు, మాట్లాడ్డానికి పక్కన మనిషి లేదు. ఆ రాత్రి క్యాబిన్‌లోకి పోయి తలుపేసుకున్నాను. మళ్లీ ఆ లాంజ్ మెట్లెక్కలేదు.

జంటగా వెళ్లేవాళ్లకి ఒకరు కూర్చుంటే ఒకరు తెస్తారు. ఒంటరిదానికి బ్యాగే రెండో మనిషి. మాస్టారు తీసిన టోపీ ఎవరిదో నాకు తెలీదు. అందరి బ్యాగులనీ ఒకే గాటన కట్టకండి, అంతే.

నాగావళి_మాస్టారు
అమ్మా, మీరన్నది నిజం. అయిదు నిమిషాలకీ నలభై అయిదు నిమిషాలకీ తేడా ఉందనే నా బాధ. పైగా అక్కడ ఒక బ్యాగ్ కాదు, మూడు సోఫాలు.

కవిటి_సీమాన్
ఆలస్యంగా చూశాను. తొమ్మిదేళ్లు క్రూయిజ్ ఓడల్లో బార్ వెయిటర్‌గా చేశాను, అందులో మూడు కాంట్రాక్టులు ఇలాంటి లాంజ్‌లోనే. ఇప్పుడు కవిటిలో కొబ్బరితోట చూసుకుంటున్నా. ట్రే అవతలి పక్క నుంచి ఎలా కనబడుతుందో చెప్తా.

అయిదింటికి తెరవాలంటే నాలుగున్నరకే తలుపు దగ్గర పదిహేను మంది ఉంటారు. వాళ్లు రోజూ వాళ్లే. తలుపు తీసిన రెండు నిమిషాల్లో కిటికీ పక్క సీట్లన్నీ అయిపోతాయి. ఆ తర్వాత బల్లలు జరపడం మొదలు. రెండు బల్లలు కలిపి పది కుర్చీలు లాగి ఊళ్లో రచ్చబండలా పెడతారు. నేను పదహారు గ్లాసుల ట్రే భుజం ఎత్తున పట్టుకుని ఆ కుర్చీల కాళ్ల మధ్య నుంచి పక్కకి తిరిగి నడవాలి. ఒకసారి కుర్చీ కాలు తగిలి ట్రే మొత్తం ఒక పెద్దాయన తెల్లకోటు మీద పడింది. ఎర్ర వైన్. ఆయన ఏమీ అనలేదు. కుర్చీ లాగినాయనే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి నాకు నడవడం రాదని చెప్పాడు.

మాకు బ్యాగ్ తీసే అధికారం లేదు. "ఎవరైనా ఉన్నారా?" అని అడగొచ్చు, నవ్వొచ్చు, అంతే. ట్రిప్పు చివర మీరంతా ఒక ఫారం నింపుతారు చూడండి, దాంట్లో మా పేరు పక్కన ఎవరైనా చెడ్డగా రాస్తే తర్వాతి కాంట్రాక్టులో ఏ డెక్ మీద వేస్తారో తెలీదు. అందుకే పై కార్డువాళ్లతో ఎవడూ పెట్టుకోడు.

సుబ్బు అన్నా, నీ రూలు బానే ఉంది గానీ బ్యాగ్ ముట్టుకోవద్దు. మాస్టారూ, మీరూ ముట్టుకోవద్దు. అందులోంచి ఏదో పోయిందని ఆవిడంటే సెక్యూరిటీ వస్తుంది, కెమెరా చూస్తారు, మీ సాయంత్రం అయిపోయినట్టే. లాంజ్ బల్ల దగ్గర కాన్సియర్జ్ అని ఒకరుంటారు. వాళ్లతో "మా ఆవిడకి మోకాళ్లు బాలేవు, ఒక్క కుర్చీ చూడండి" అనండి. మోకాళ్ల మాట వింటే వాళ్లే వెళ్లి అడుగుతారు. మీరడిగితే తగువు, వాళ్లడిగితే రూలు.

ఉద్దానం_పనస
"మీరడిగితే తగువు, వాళ్లడిగితే రూలు." సీమాన్ అన్న మా పక్క ఊరోడని చెప్పుకోడానికి గర్వంగా ఉంది.

గంటస్తంభం77
ఇది చదివాక నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. కవిటి అన్నా, రోజుకి ఎన్ని గంటలు పని?

కవిటి_సీమాన్
నావికుల పనికి ప్రపంచమంతటికీ ఒక ఒప్పందం ఉంది, 2006 నాటిది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. మిగతాదంతా పనే అనుకో. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికో సెలవంటూ ఉండదు. పొద్దున్న బఫే దగ్గర రెండు గంటలు, మధ్యాహ్నం పూల్ బార్, సాయంత్రం లాంజ్, రాత్రి ఇంకో చోట. మధ్యలో ముక్కలు ముక్కలుగా నిద్ర. మా పాప పుట్టిన సంగతి నాకు లాంజ్ వెనకాల గ్లాసులు తుడుస్తుంటే తెలిసింది.

ఇంకోటి. మీకది ఉచిత డ్రింకే గానీ మాకు అది కూడా ఒక ట్రే. నాలుగో రోజు ఎవరైనా చేతిలో ఒక డాలరు కాగితం పెడితే ఆ మనిషి మొహం ఆర్నెల్లు గుర్తుంటుంది. రోజూ అందరి దగ్గరా టిప్పు కట్ చేస్తారు కదా అంటారు. నిజమే. ఆ కాగితం సంగతి వేరు.

బొబ్బిలి_వీణ
సీమాన్ గారూ, ఒంటరివాళ్లు ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

కవిటి_సీమాన్
అక్కా, లేవొద్దు. ఆ సెక్షన్‌లో ఉన్న వెయిటర్‌తో మొదటి రోజే చెప్పండి, ఒక్కదాన్నే వచ్చానని. కాఫీ వాడే తెస్తాడు, రెండో రోజు మీరు అడక్కుండానే తెస్తాడు. బార్ కౌంటర్ దగ్గరుండే ఎత్తు కుర్చీల్లో చివరిది ఎంచుకోండి. గుంపుగా వచ్చేవాళ్లు అటు రారు.

రాజాం_టు_డల్లాస్
ఇంకో కిటుకు. ఎక్కడ రద్దీ ఉంటుందో ముందే ఊహించొచ్చు. మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల్లో కొత్తవాళ్లు ఎక్కువ, పై కార్డులు తక్కువ. సముద్రాలు దాటే పొడుగు ట్రిప్పులున్నాయి చూడండి, సీజన్ మారినప్పుడు ఓడని యూరప్ నుంచి అమెరికాకి తరలించేవి. వాటి నిండా రిటైరైనవాళ్లే. ఆ ఓడలో లాంజ్ కన్నా బయటి బార్లు ఖాళీ. ఇప్పుడు కొన్ని ఓడల్లో ఉచిత డ్రింకులు కార్డులోనే ఎక్కిస్తున్నారు, ఏ బార్‌లోనైనా తాగొచ్చు. అసలు లాంజ్‌కి వెళ్లడం ఎందుకు?

నాగావళి_మాస్టారు
నేను తాగను నాయనా. నా కార్డుకి రోజూ వచ్చే నాలుగు డ్రింకులకీ నాలుగు కోక్‌లు. లాంజ్‌కి వెళ్లేది ఆ గదిలో కూర్చోడానికే. ఇన్నేళ్లూ బయట నుంచి చూశాం కదా.

పలాస_పప్పు
నాలుగు కోక్‌లు తాగి రాత్రి నిద్రెలా పడుతుంది మాస్టారూ?

మాస్టారి_ఇంటావిడ
నిద్రెక్కడిది? తెల్లారి అయిదున్నరకే లేచిపోయేవారు. ఈ చర్చంతా ఇందాక మా కోడలు చదివి వినిపించింది. టోపీ సంగతి ఇంత పొడుగు రాశారు గానీ, పొద్దున్నే పూల్ దగ్గరికి వెళ్లి మనవల కోసం ఆరు కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి వచ్చింది ఎవరో కూడా రాయమనండి. ఆ గుంటలు పదకొండింటికి గానీ లేవరు.

ఉద్దానం_పనస
ఓలమ్మో 😂😂😂 కండువా దొరికింది!

చీపురుపల్లి_సుబ్బు
నా తీర్పు వెనక్కి తీసుకుంటున్నా. తువ్వాలుకీ కార్డు లేదు.

గంటస్తంభం77
ఆరు కుర్చీలు. ఆవిడవి మూడు సోఫాలే. లెక్కల మాస్టారేనా మీరు?

నాగావళి_మాస్టారు
సోషల్. అయినా పూల్ సంగతి వేరు. అక్కడ నీడ ఉన్న కుర్చీలు తక్కువ, పిల్లలకి ఎండ తగులుతుంది. పైగా అందరూ అలాగే చేస్తున్నారు.

బొబ్బిలి_వీణ
ఆ సోఫాల ఆవిణ్ని అడిగినా ఇదే చెప్పేదేమో మాస్టారూ.

రాజాం_టు_డల్లాస్
కార్నివాల్ ఓడల్లో దీనికి ఎప్పట్నుంచో ఒక పద్ధతుంది. మనిషి లేని కుర్చీ మీద సిబ్బంది టైము రాసి స్టిక్కర్ అంటిస్తారు. నలభై నిమిషాలు దాటితే సామాన్లు తీసేస్తారు. మాస్టారి గడియారం లెక్క నలభై అయిదు. అయిదు నిమిషాలు ఉదారంగానే ఉన్నారు.

కవిటి_సీమాన్
ఆ స్టిక్కర్లు అంటించే పని ఎవరికిష్టమో చెప్పండి చూద్దాం. తువ్వాలు తీశాక దాని యజమాని వచ్చి అరిచేది ఆ కుర్రాడి మీదే.

నాగావళి_మాస్టారు
సరే, ఒప్పుకుంటున్నా. ఆ తువ్వాళ్లు కూడా ఎవరో కుర్రాడు తీస్తుంటే నేను పరుగెత్తుకుంటూ వెళ్లి ఆపాను. వాడేమీ అనలేదు, నవ్వి వెళ్లిపోయాడు. చామనఛాయగా మనవాడిలాగే ఉన్నాడు. పేరు బ్యాడ్జీ చదవలేదు, కళ్లజోడు క్యాబిన్‌లో ఉంది.

కవిటి_సీమాన్
మా సోంపేట, కంచిలి వైపు ఊళ్ల నుంచి ఓడల మీదకి వెళ్లినవాళ్లు చాలామంది, ఎక్కువ సరుకు ఓడలు. క్రూయిజ్‌లకి వెళ్లేవాళ్లు తక్కువే. తెలుగువాడై ఉంటే తెలుగు విని పలకరించేవాడే. బ్యాడ్జీ మీద పేరు కింద దేశం కూడా రాసుంటుంది. ఈసారి కళ్లజోడు పెట్టుకోండి.

2022లో విశాఖ నుంచి చెన్నైకి ఒక క్రూయిజ్ వెళ్లింది, గుర్తుందా? కార్డేలియా వాళ్ల ఎంప్రెస్. అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైన ఓడ. నేను దాన్ని చూడ్డానికే కవిటి నుంచి విశాఖ వచ్చాను, పాత చుట్టాన్ని చూసినట్టు. బీచ్ నుంచి చూస్తే ఎంత చిన్నగా కనిపించిందో! ఇప్పుడు ఐకాన్ ఆఫ్ ది సీస్ ఉంది, 2024లో దిగింది, 20 డెక్‌లు, నిండితే దాదాపు 7,600 మంది ప్రయాణికులు. మా కవిటి ఊరంత జనం ఒక్క ఓడలో పొద్దున్నే టిఫిన్‌కి దిగితే ఎలా ఉంటుందో ఊహించండి.

పలాస_పప్పు
పెళ్లిలో మొదటి బంతి ఇంకా లేవకుండానే వెనకాల కుర్చీ పట్టుకుని నిలబడతారు చూడండి, అలా ఉంటుంది. మన దగ్గర కనీసం తినేవాడు సిగ్గుపడి బేగి లేస్తాడు.

ఉద్దానం_పనస
మీ దగ్గర లేస్తాడేమో. మా దగ్గర పెరుగు రెండోసారి అడుగుతాడు.

బొబ్బిలి_వీణ
కుర్చీల గోలలో ఒకటి మరిచారు. చీజ్ ముక్కలు చేత్తో తీయడం. పక్కన పట్టకారు ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు.

కవిటి_సీమాన్
అక్కా, మా అందరి టెన్షన్ అదే. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఒక్కడికి వచ్చిందంటే ఓడ సగం మంచాన పడుతుంది. దానికి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే. లాంజ్‌లోకి వచ్చేముందు చేతులు కడుక్కుని రండి. మాస్టారూ, మళ్లీ ఎప్పుడు ప్రయాణం?

నాగావళి_మాస్టారు
డిసెంబర్. అదే ఓడ. అబ్బాయి ముందే బుక్ చేసేశాడు.

కవిటి_సీమాన్
ఓడ పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. మావాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కుంటా. లాంజ్‌కి ఏడున్నర తర్వాత వెళ్లండి, మొదటి బ్యాచ్ భోజనాలకి దిగిపోతుంది. సోఫాలు ఖాళీ, కుర్రాళ్లకి మాట్లాడ్డానికి రెండు నిమిషాలు తీరిక.

నాగావళి_మాస్టారు
మనవాడెవరైనా దొరికితే ఏం పట్టుకెళ్లమంటావు? ఆవకాయ?

కవిటి_సీమాన్
ఇంట్లో చేసినవి పోర్టులోనే ఆపేస్తారు. కంపెనీ సీలున్న పలాస జీడిపప్పు ప్యాకెట్లయితే మాకెప్పుడూ ఎవరూ అడ్డుచెప్పలేదు.

పలాస_పప్పు
పావుకిలోవి రెండు నా తరఫున. కొరియర్ ఖర్చు మాస్టారిది.

మాస్టారి_ఇంటావిడ
మూడు పంపు బాబూ. ఒకటి ఆ టోపీ ఆవిడకి. ఆవిడా అదే నెలలో అదే ఓడ ఎక్కుతుందట. ఈయన వెళ్లిపోయాక మేమిద్దరం అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం.

నాగావళి_మాస్టారు
ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే!